తొలి ముద్రణ గుర్తు

హుస్సేనీ ఆలంలోని ఆ ఇంట్లోనే కోమలవల్లి మామగారి తండ్రి చేతి ప్రెస్సు పెట్టుకుని, చేతి కాగితం మీద ఒకే ఒక్క పుస్తకం అచ్చువేశాడు. పిల్లలకు దిష్టి తగలకుండా చదివే నరసింహ స్తోత్రం అది. రెండుసార్లు వేశాడట. పూజగదిలో ఉన్న ఒక్క ప్రతీ ఏ ముద్రణదో తేల్చడానికి, పాత పుస్తకాల పిచ్చి ఉన్న అక్క కొడుకు ముకుంద్ వచ్చాడు.

"తారీఖు లేదు, కాగితం రెండిటికీ ఒక్కటే. గుర్తు ఒక్కటే ఉన్నది చిన్నమ్మా. మొదటిసారి 'రక్ష' ఉండాల్సిన చోట 'భక్ష' అని పడ్డదంట. పెద్దాయన భయపడి ఇల్లిల్లు తిరిగి ప్రతులన్ని వాపస్ తెచ్చి కాల్చిండంట."

కోమలవల్లి పేజీ తిప్పనక్కర్లేకపోయింది. అత్తగారు నేర్పిన ముక్క నాలుక మీదే ఉంది: "ఏనం భక్ష నృసింహ." ఏనం అంటే ఏదో దయ్యం పేరనుకుంది ఇన్నాళ్లూ. దయ్యాన్నే కదా స్వామిని తినమనేది!

"ఏనం అంటే ఏంది రా?" అంది.

"ఈ బిడ్డను అని. ఎందుకు?"

జ్వరంతో పోయిన పెద్ద మనవడి నెత్తిన చెయ్యి పెట్టి, ఊపిరి ఆగేదాకా ఆమె చదివింది అదే.

"ఇగో, భక్ష! తొలి ముద్రణే చిన్నమ్మా! ఊరంతా తిరిగిండు గని ఇంట్లోదే మరిచిండు!" ముకుంద్ ఎగిరి గంతేశాడు.

అంతలో మనవరాలు మాన్య బ్యాగు తగిలించుకుని వచ్చి తల వంచింది. "నానమ్మా, పరీక్షకు పోతున్న. జల్ది చదువు."

వద్దు వద్దనుకుంటూనే చెయ్యి లేచి పిల్ల నెత్తిన వాలింది. 'ర' అనాలని కోమలవల్లి నోరు తెరిచింది. పెదవులు వాటంతటవే 'భ' కోసం కలుసుకున్నాయి.