దొప్పెడు చక్కెరపొంగలి

నా చిన్నప్పుడు మా తమ్ముడికి పాలపళ్లు పుచ్చిపోయి, చెంప బూరెలా ఉబ్బింది. ఆరేళ్లవాడు, మహా మొండిఘటం. బ్రాడీపేటలో పళ్ల డాక్టరుగారు నోరు చూడబోతే ఆయన వేలు కొరికేశాడు. ఇక మత్తిచ్చి తీయాల్సిందేనన్నారాయన. ముందురోజు రాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ఇవ్వొద్దని గట్టిగా చెప్పి పంపారు. ఎందుకో ఆయన చెప్పలేదు, మేం అడగనూ లేదు.

మా అమ్మ ఆ మాట జవదాటలేదు. తెల్లారి వాడు ఆకలని ఇల్లు పీకి పందిరేసినా అన్నం గిన్నె దాచేసింది. డాక్టరుగారి దగ్గరికి వెళ్లే దారిలో పెదకాకాని. గుడి ముందు నుంచి ఊరికే వెళ్లిపోవడం మా నానమ్మకు నచ్చదు. ఆటో ఆపించి, మనవడి పేర అర్చన చేయించి, దొప్పలో చక్కెరపొంగలి వాడి చేతికిచ్చింది. వాడు దొప్ప కూడా నాకేశాడు. అమ్మ చూస్తూనే ఉంది, నేనూ చూశాను. మా ఇళ్లలో ప్రసాదం తిండి కిందికి రాదు. ఒక్కపొద్దు ఉన్నవాళ్లు కూడా కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంటారు.

“పిల్లాడు ఏమైనా తిన్నాడామ్మా?” అని మత్తు డాక్టరుగారు అడిగారు.

“అయ్యో, పచ్చి మంచినీళ్లు కూడా ముట్టనివ్వలేదండీ,” అంది అమ్మ. పాపం, నిజమనుకునే అంది.

మత్తులో ఉండగా వాడికి వాంతయింది. అది ఊపిరితిత్తుల్లోకి పోయింది. పెద్దాసుపత్రికి పరుగెత్తారు గానీ, వాడు మళ్లీ కళ్లు తెరవలేదు. కడుపులోంచి వచ్చింది పొంగలి అని డాక్టరుగారు అమ్మకు చెప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. నానమ్మ వరండాలో విభూతి పొట్లం పట్టుకుని కూర్చుని ఉంది. అమ్మ నా భుజం నొక్కి పట్టుకుంది.

“నానమ్మకి చెప్పబాకే. ఆవిడన్నా బతకాలి.”

దయ అంటే ఏమిటో ఆ రోజు నేర్చుకున్నాను. నేర్చుకుని ఏం బాగుపడ్డాం? నానమ్మ బతికినంత కాలం ఇంటికొచ్చిన వాళ్లందరితో ఒకటే మాట: “పోతే పోయాడు గానీ, నా చేత్తో స్వామి ప్రసాదం తిని పోయాడు నాయనా.”

“అవునత్తయ్యా,” అనేది అమ్మ. అలా అన్న రోజు తను అన్నం ముట్టేది కాదు.

ఇప్పుడు ఇద్దరూ లేరు. నాకు ఎవరైనా ప్రసాదం పెడితే కళ్లకద్దుకుంటాను. మింగడం మాత్రం నా వల్ల కాదు. మా వీధిలో ఎవరైనా ఆపరేషన్‌కి వెళుతున్నారంటే గుమ్మం దాకా పోయి, “ప్రసాదం కూడా పెట్టకండి,” అని చెప్పి వస్తాను. చాదస్తమని నవ్వుతారు. నవ్వనీ. మావాడికి ఆ మాట చెప్పినవాళ్లు లేరు.