గోడకు అతికించని ఫోటో

నలభై ఏళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఒక్క మాటంత అబద్ధం: "అతికించాను." మా ఆయనకు చెప్పలేదు, పిల్లలకు చెప్పలేదు. నా ముఖం తెలియని మీకైతే చెప్పగలననిపిస్తోంది. పిరికివాళ్ళ పద్ధతే, కాదనను.

ఎనభైల మొదట్లో మిషిగన్‌లో, ట్రాయ్‌లో ఉండేదాన్ని. కార్ల విడిభాగాల కంపెనీలో డ్రాయింగులు గీసే ఉద్యోగం. ఇంకా పెళ్ళి కాలేదు. ఎదురు అపార్ట్‌మెంట్‌లో చంతా ఉండేది. లావోస్ నుంచి శరణార్థిగా వచ్చిన మనిషి, నాకన్నా పదేళ్ళు పెద్దది, స్కూలు వంటగదిలో పనిచేసేది. ఆమెకూ నాకూ అన్నం, పచ్చిమిరపకాయలు లేనిదే పూట గడవదు. స్నేహం అక్కడే కుదిరింది. దేశం విడిచి పారిపోతూ మెకాంగ్ నది దాటేటప్పుడు ఆమె తమ్ముడు వేరే పడవ ఎక్కాడట. ఆ తర్వాత కబురు లేదు.

ఒక వేసవిలో ఇండియా వెళ్తూ దారిలో నాలుగు రోజులు బ్యాంకాక్‌లో దిగాలనుకున్నాను. వీపుకు సంచి, మెడలో కెమెరా, ఒక్కదాన్నే. మనవాళ్ళ ఆడపిల్లలెవరూ చేయని పని చేస్తున్నానని కాస్త పొగరు కూడా. ప్రయాణానికి ముందురోజు చంతా ఒక ఫోటో తెచ్చింది. బ్యాంకాక్ శివార్లలో ఒక బౌద్ధ ఆరామం ఉందని, లావోస్ నుంచి వచ్చినవాళ్ళు తప్పిపోయిన తమవాళ్ళ ఫోటోలు దాని గోడకు అతికిస్తారని ఎవరో ఆమెకు చెప్పారు. తమ్ముడి ఫోటో ఆమెకు అదొక్కటే. కాపీ తీయించే వ్యవధి లేదే అన్నాను. "నా దగ్గరుంటే నేనొక్కదాన్నే చూస్తాను. అక్కడుంటే వాణ్ణి ఎరిగినవాళ్ళు చూస్తారు" అంది.

మూడు రోజులు ముసురు. తడుస్తూనే తిరిగాను. రాజప్రాసాదం, పచ్చ బుద్ధుడు, అరికాళ్ళలో ముత్యపుచిప్పలు పొదిగిన పడుకున్న బుద్ధుడు, నది మీద పడవలు. ఫోటో సంచిలో పాస్‌పోర్టు పక్కనే ఉంది. రేపు వెళ్దాం, రేపు వెళ్దాం. నాలుగో రోజు ఆరామానికి వెళ్ళే బస్సు వచ్చి ఆగింది. మెట్టు మీద ఒక కాలు పెట్టాను కూడా. అప్పుడే మబ్బు విడిచింది. నదికి అవతల వాట్ అరుణ్ గుడి గోపురం, దానికి అంటించిన పింగాణీ ముక్కలన్నీ తళతళలాడాయి. మూడు రోజులుగా తీసినవన్నీ మసకగా వచ్చి ఉంటాయి, ఇంత ఎండ మళ్ళీ దొరుకుతుందా అనిపించింది. కాలు దించేశాను. మధ్యాహ్నం వెళ్దామనుకున్నాను. మధ్యాహ్నానికి విమానం టైమైంది.

జ్వరం వచ్చిందని చెప్పగలిగితే బాగుండేది. దారి తప్పానన్నా బాగుండేది. అలాంటిదేమీ జరగలేదు.

ఇండియా నుంచి తిరిగి వచ్చాక నా తలుపు తాళం తీస్తుండగానే చంతా ఎదురొచ్చింది. "అతికించావా?" "అతికించాను." ఎందుకన్నాను? వెళ్ళలేకపోయానంటే ఏమనేది? బహుశా ఏమీ అనేది కాదు. ఫోటో వెనక్కి తీసుకుని, ఇంకెవరైనా అటు వెళ్తారేమో చూసుకునేది. ఆ దారి కూడా నేనే మూసేశాను.

ఆ రోజుల్లో ఎవరు ఎక్కడికి వెళ్ళొచ్చినా స్లైడ్ షో వేయాల్సిందే. ఒక ఆదివారం మధ్యాహ్నం తెలుగువాళ్ళింట్లో కర్టెన్లు వేసి ప్రొజెక్టర్ పెట్టారు. చంతాని కూడా తీసుకెళ్ళాను. "ఒక్కదానివే తిరిగావుటే! ఆయన పక్కన లేకపోతే నేను మాల్‌కి కూడా డ్రైవ్ చేయలేను" అని ఇంటావిడ బుగ్గలు నొక్కుకుంది. నేను ఉబ్బిపోయాను. ఎండలో తీసిన వాట్ అరుణ్ వచ్చింది. అందరూ ఆహా అన్నారు. చంతా లేచి తెర దగ్గరికి వెళ్ళింది. గోపురాన్ని చూడటం లేదు. మెట్ల మీద నిలబడ్డ జనంలో ఒక్కొక్క ముఖాన్నీ వేలితో తాకుతూ చూస్తోంది. తర్వాతి స్లైడ్‌లోనూ అంతే.

"ఆ గోడ ఏది?" అని అడిగింది.

"ఫిలిం అయిపోయింది."

"పోనీలే, నువ్వు చూశావుగా. వాణ్ణి ఎక్కడ అతికించావు? పైనా, కిందా?"

"కళ్ళకు ఎదురుగా. అందరికీ కనబడేలా."

మొదటి అబద్ధం తొందరలో వచ్చిందనుకుందాం. ఇది మాత్రం ఆలోచించి చెప్పాను.

రెండేళ్ళయింది. ఫోటో వెనక ఆమె రాసిన అడ్రసుకు ఏ ఉత్తరమూ రాలేదు. ఒకరోజు పొద్దున నన్ను భోజనానికి పిలిచింది. మన తద్దినం లాంటిదే. కాషాయం కట్టిన భిక్షువు ఒకాయన వచ్చారు. జిగట అన్నం, పూలు, ఒక కొవ్వొత్తి. ఫోటో పెట్టాల్సిన చోటు ఖాళీగా ఉంది. "ఇన్నాళ్ళు గోడ మీద ఉన్నా ఎవరూ గుర్తుపట్టలేదంటే వాడు లేడు" అంది. నా చేతులు పట్టుకుని, "నీ వల్లే తెలిసింది. ఇంక ఎదురుచూడక్కర్లేదు" అంది. ఆ ఫోటో ఎదురింట్లో, నా సొరుగులో ఉంది. పది అడుగులు. లేచి తెచ్చి ఉంటే కనీసం వాడి ముఖం ముందు కొవ్వొత్తి వెలిగేది. నేను కూర్చుని అన్నం తిన్నాను. రెండోసారి వడ్డిస్తే అదీ తిన్నాను.

తర్వాత ఆమె కాలిఫోర్నియా వెళ్ళిపోయింది. కొన్నేళ్ళు కార్డులు వచ్చాయి, ఆగిపోయాయి. జవాబు రాయడం మానేసింది నేనే. తమ్ముడు నిజంగానే పోయాడేమో. పోలేదేమో. ఆ గోడ దగ్గరికి వారం వారం వచ్చి అక్క కోసం వెతుక్కున్నాడేమో. ఆలోచన ఇక్కడికి వచ్చేసరికి ఎప్పుడూ లేచి ఏదో ఒక పని పెట్టుకునేదాన్ని. ఇవాళ లేవలేదు.

ఫోటో బల్ల మీద ఉంది. తెల్ల చొక్కా, పక్కపాపిడి, ఒక చెవి కొంచెం ముందుకొచ్చి ఉంటుంది. పందొమ్మిదేళ్ళుంటాయేమో. వెనక నేను చదవలేని లిపిలో రెండు వరుసలు, కింద ట్రాయ్ అడ్రసు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, ఆ పని మీది కాదు. ఆమెకు చెప్పాల్సిన మాట ఒకసారైనా రాసి చూసుకోవాలనిపించింది, అంతే.

చంతా, నేను అతికించలేదు. ఎండ బాగుందని బస్సు ఎక్కలేదు.