రాజుగారి నోటికి పట్టిన దగ్గు

సుమన్సో ఊరి ఆసుపత్రిలో మందులిచ్చే కిటికీ వెనక అఫ్రకోమా ఇరవై ఆరేళ్లుగా కూర్చుంటోంది. ఈ ఇరవై ఆరేళ్లలో పదకొండుమంది డాక్టర్లు వచ్చారు, వెళ్లారు. కిటికీ ఊచలకు మూడుసార్లు రంగు మారింది. అఫ్రకోమా గొంతు మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు. ఏ మాత్ర ఎందుకు, ఎప్పుడు, తిన్నాకనా తినకముందా అని ఆవిడ చెబుతుంటే వరసలో చిట్టచివర నిలబడ్డవాడికి కూడా వినపడుతుంది. మా రోగాలు ఊరంతా తెలిసిపోతున్నాయమ్మా అని ఒకరిద్దరు సణిగారు. "రోగం పేరు నేను చెప్పటం లేదే! మందు మాటే గట్టిగా చెప్తున్నా. అది సరిగ్గా వినకపోతే ఏమవుద్దో తెలుసా?" అని వాళ్ల నోరు మూయించింది.

వాళ్లమ్మ కుమాసి పెద్ద బజారులో గుడ్డలమ్మేది. ఒక్క తాను పట్టుకుని చూస్తే అది మంచిదో కాదో తెలియదని, రెండు తానులు పక్కపక్కన పరిచి వేళ్లతో నలిపి చూడమని కూతురికి చిన్నప్పుడే నేర్పింది. అఫ్రకోమా గుడ్డల కొట్టులో కూర్చోలేదు గానీ ఆ అలవాటు వదల్లేదు. ఆవిడ దగ్గరొక లావుపాటి పుస్తకం ఉంది. అందులో పేజీకి రెండు మందులు. ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి. ఏది ఒంట్లో ఎక్కడ పనిచేస్తుంది, ఏది ఎవరికి పడదు, దేనితో ఏది కలిస్తే ప్రాణం మీదికొస్తుంది, అన్నీ రాసి ఉంటాయి. కొత్తగా వచ్చిన డాక్టర్లు మొదట్లో ఆ పుస్తకం చూసి నవ్వుతారు. మూడో నెలకు తలుపు తట్టి, "ఆంటీ, ఒకసారి ఆ పుస్తకం..." అంటారు. అలా అడిగించుకోవడం ఆవిడకు మహా ఇష్టం. ఆ సంగతి దాచుకునేది కూడా కాదు.

ఆవిడ పెట్టిన నియమం ఇంకొకటుంది. మందుల కోసం మళ్లీ వచ్చేవాళ్లు పాత అట్టలు తెచ్చి చూపించాలి. మాత్రలు మిగిలి ఉంటే ఇక చీవాట్లే. ఖాళీ అట్టలు తెచ్చినవాళ్లను మాత్రం వరసంతటికీ వినపడేలా మెచ్చుకునేది. ఆ మెప్పు అందరికన్నా ఎక్కువసార్లు దక్కింది బోఆది గారికి.

బోఆది సుమన్సోకు ఓచామె. అంటే రాజుగారి నోరు. నానాతో, అంటే రాజుగారితో, ఎవరూ నేరుగా మాట్లాడరు. చెప్పదలచుకున్నది ఓచామెకు చెప్పాలి, ఆయన దాన్ని చక్కగా మలిచి నానాకు విన్నవించాలి. నానా చెప్పేది కూడా ఆయన నోటి నుంచే జనానికి చేరాలి. నానా మూడు బారల దూరంలో కూర్చుని అంతా వింటూనే ఉంటాడు. అయినా సరే, ఓచామె నోట రానిది ఆ సభలో మాట కిందే లెక్కకు రాదు. ఆరు వారాలకోసారి వచ్చే అక్వాసిదే పండుగ ఆదివారం నాడు గతించిన పెద్దలను పేరుపేరునా పిలిచి సారా ధార పోసేది కూడా ఆయనే. బంగారు తొడుగున్న కర్ర పట్టుకుని పంతొమ్మిదేళ్లుగా ఆ పని చేస్తున్నాడు. ఆయన గొంతు అంత కమ్మగా ఉంటుంది కాబట్టే పొరుగూళ్ల నుంచి కూడా జనం వచ్చేవాళ్లు.

ఆ గొంతుకే దగ్గు పట్టుకుంది. ఏడాది కిందట బీపీ, షుగరు రెండూ బయటపడ్డాయి. డాక్టరు షుగరు మాత్రలతోపాటు బీపీకి ఎనలాప్రిల్ రాశాడు. బీపీ తగ్గింది. ఆ తర్వాత కొన్నాళ్లకు పొడిదగ్గు మొదలైంది. కఫం లేదు, జ్వరం లేదు, ఒళ్లు తగ్గలేదు. ఉన్నట్టుండి గొంతులో ఈకతో గీసినట్టు దగ్గు, ఆపుకోలేని దగ్గు. ఊళ్లో సగంమంది క్షయ అన్నారు. మిగతా సగం ఇంకా దారుణంగా, గతించిన పెద్దలే ఆయన నోటిని వద్దంటున్నారన్నారు. గత రెండు అక్వాసిదేలలోనూ ధార మధ్యలో దగ్గొచ్చి మాట తెగింది. అలా తెగితే మొదటినుంచి మొదలుపెట్టాలి. మూడోసారి కూడా తెగితే కర్ర వేరేవాళ్లకు ఇవ్వాల్సిందేనని ఊరి పెద్దల్లో అచంపోన్ అనే ఆయన పట్టుబట్టాడు. కర్ర పోతే బోఆది బతికున్నా లేనట్టే. ఆ ఊళ్లో ఎవరినడిగినా అదే చెబుతారు.

అక్వాసిదే ఐదు రోజులుందనగా మంగళవారం బోఆది మందుల కోసం వచ్చాడు. ఖాళీ అట్టలు పొందిగ్గా గుడ్డలో చుట్టి తెచ్చాడు. అఫ్రకోమా ఎప్పటిలాగే, "చూడండర్రా, మావయ్యను చూసి నేర్చుకోండి! ఒక్క మాత్ర మిగల్చలేదు!" అని అరిచింది. ఆయన కాస్త ఆయాసపడుతుంటే, ఈసారి చేతికి పట్టీ చుట్టి బీపీ కూడా చూసింది. నూట తొంభై ఆరు, నూట పన్నెండు.

ఆవిడ మళ్లీ చూసింది. అంతే ఉంది. అట్టలు ఖాళీ, బీపీ మాత్రం ఆకాశంలో. ఒక్క నిమిషం అట్టల వంక చూసి, చిట్టా తెరిచి ఆయన వచ్చిన తేదీలు వెనక్కి లెక్కపెట్టింది. ముప్ఫై మాత్రలు ఇచ్చింది. ఆయన వచ్చింది నలభై రెండు రోజులకు. అంతకు ముందూ నలభై రెండు. దానికి ముందూ అంతే. ఇన్ని నెలలుగా అట్టలు చూసి మురిసిపోయింది గానీ తేదీలు చూడలేదు. చెంప ఛెళ్లుమన్నట్టయింది.

వరసను కాసేపు ఆగమని ఆయనను లోపలి గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసింది. ఆవిడ తలుపు వెయ్యడం ఆ ఊరు ఎరగదు.

"మావయ్యా, ఆ పన్నెండు రోజులూ మాత్ర ఎందుకు మానేస్తున్నావు?"

బోఆది ఖాళీ అట్టలను మళ్లీ గుడ్డలో చుట్టబోయాడు. మాటలతోనే బతికే మనిషి మాట వెతుక్కున్నాడు.

"అక్వాసిదే ముందర మానేస్తే గొంతు తేలికపడుతోందే తల్లీ. పదిరోజులకల్లా దగ్గు సగం తగ్గిపోద్ది. మొదట నాలుగైదు సార్లు అలాగే నెట్టుకొచ్చా. ఈ మధ్య అదీ సరిపోవటం లేదు."

"మరి నాకు చెప్పొద్దూ?"

"నీకా! నీకు చెప్తే వరసలో చివర నిలబడ్డోడికి చెప్పినట్టు కాదూ? ఓచామె జబ్బంటే నానా నోటికి జబ్బని అర్థం. అది వీధిలోకెళ్లే మాట కాదమ్మా."

ఆ మాట అఫ్రకోమాకు గుచ్చుకుంది. అంతకంటే బాధపెట్టింది ఇంకొకటి. ఆ దగ్గుకు నాలుగు సీసాల తియ్యటి మందు తనే ఇచ్చింది. ప్రతిసారీ రెండు చెంచాలు, భోజనమయ్యాక, అని గట్టిగా అరిచి మరీ ఇచ్చింది. మాత్ర మానితే దగ్గు తగ్గుతుంది, వేసుకుంటే వస్తుంది అని చదువూ పుస్తకమూ లేని ముసలాయన తన ఒంటి మీదే కనిపెట్టాడు. అఫ్రకోమా పుస్తకంలో నలభయ్యో పేజీలో ఆ ముక్క నల్లసిరాతో రాసి ఉంది.

ఆ పేజీ తెరిచి డాక్టరు ముందు పెట్టింది. క్వేనర్ అని కుర్ర డాక్టరు, తీరప్రాంతం వాడు. కఫం రెండుసార్లు పరీక్షకు పంపి ఏమీ దొరక్క, అయినా క్షయమందులు మొదలెడదామా అని తల పట్టుకున్నాడు.

"ఎడంవైపు ఎనలాప్రిల్, కుడివైపు లోసార్టాన్" అంది అఫ్రకోమా. "రెండూ బీపీ తగ్గించేవే, రెండూ షుగరోళ్ల మూత్రపిండాలకు మేలు చేసేవే. కానీ పనిచేసే చోటు వేరు బాబూ. ఒంట్లో ఒక పనివాడున్నాడనుకో. రక్తనాళాల్ని బిగించే సరుకు తయారు చేసేది వాడే, గొంతులో దురద పుట్టించే చెత్త ఊడ్చేదీ వాడే. ఎనలాప్రిల్ వాడి చేతులు కట్టేస్తుంది. నాళాలు వదులవుతాయి, బానే ఉంది. ఊడ్చేవాడు లేక చెత్త పేరుకుంటుంది, అదీ దగ్గు."

"మరి లోసార్టాన్?"

"అది వాడి జోలికి పోదు. సరుకు తయారవనిస్తుంది, నాళాల గుమ్మంలో నిలబడి లోపలికి రానివ్వదు. ఊడ్చే పని ఊడ్చే పనే. అందుకే దీంతో ఈ దగ్గు అరుదు."

"అంటే ఇది అన్ని విధాలా మంచిదంటావు."

"అన్ని విధాలా అని ఎవరన్నారు? కడుపుతో ఉన్నవాళ్లకి రెండూ కూడదు. రెండిటితోనూ పొటాషియం పెరగొచ్చు, మూత్రపిండాలు తేడా చెయ్యొచ్చు. రక్తపరీక్ష చేయించి ఇవ్వు, రెండు వారాలకు మళ్లీ చేయించు. ఎనలాప్రిల్‌తో ఇంకో భయం, పెదాలు, నాలుక వాచి ఊపిరాడకపోవడం. అరుదే గానీ, తెల్లవాళ్లకంటే మనవాళ్లలో ఎక్కువ. లోసార్టాన్‌తో అదీ బాగా తక్కువ. పూర్తిగా లేదని మాత్రం అనను."

క్వేనర్ ఆయన్ని పిలిచి మరోసారి ఊపిరితిత్తులు విన్నాడు, ఛాతీ ఫొటో చూశాడు, రక్తం తీయించాడు. సాయంత్రానికి ఫలితాలు చూసి ఎనలాప్రిల్ కొట్టేసి లోసార్టాన్ రాశాడు.

"ఆదివారానికల్లా తగ్గుద్దా?" అని అడిగాడు బోఆది.

"తగ్గకపోవచ్చు" అంది అఫ్రకోమా, పనివాడి కథ ఆయనకూ చెప్పి. "ఆ చెత్తంతా కరగాలి, నెల పట్టొచ్చు. కానీ మావయ్యా, ఈసారి ఒక్కరోజు మానేసినా ఊరుకోను. ఈ బీపీతో నరం తెగిందంటే మూతి వంకరపోతుంది. అప్పుడు దగ్గూ ఉండదు, మాటా ఉండదు."

గురువారం నానా కొలువు నుంచి కబురొచ్చింది. ఓచామె దగ్గు సంగతి తేల్చాలి, మందుల కిటికీ ఆవిడ వచ్చి చెప్పాలి. చెప్పమని బోఆదే ఆవిడను వేడుకున్నాడు. ఇక దాచి లాభం లేదన్నాడు. అఫ్రకోమా మంచి గుడ్డ కట్టుకుని, చెప్పులు విడిచి, కొలువులోకి వెళ్లింది. నానా పీఠం మీద, చుట్టూ పెద్దలు. నానా పక్కన, చేతిలో కర్రతో, బోఆది.

ఈయన గురించే కదా, ఇవాళ మాట మోయడానికి ఇంకో ఓచామెను పెట్టండి అన్నాడు అచంపోన్. నానా తల అడ్డంగా ఊపి చేత్తో బోఆదిని చూపించాడు.

అఫ్రకోమా గొంతు సవరించుకుంది. "ఓచామె, నానాకు చేరేలా చెప్పండి. ఇది క్షయ కాదు, అంటుకోదు. గతించిన పెద్దల కోపమూ కాదు. ఇది మాత్ర వల్ల వచ్చిన దగ్గు. మందు మార్చాం. నెలకు పోతుంది."

బోఆది ఆ మాటలను మోశాడు. ఎంత అందంగా మోశాడంటే, మాత్ర పనివాడి చేతులు కట్టిన కథ విని ఊరి పెద్దలు తలలాడించారు. మధ్యలో దగ్గొచ్చింది. నానా ఆగాడు, సభంతా ఆగింది. దగ్గు తగ్గాక ఆయన తెగిన చోటునుంచే అందుకున్నాడు.

"ఓచామె, ఇది కూడా చేరనివ్వండి. ఆ మనిషి కర్ర పోతుందన్న భయంతో ప్రతి అక్వాసిదే ముందూ పన్నెండు రోజులు మాత్ర మానేశాడు. ఎవరికీ చెప్పలేదు. ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు."

ఈ మాటను తగ్గించినా, పూలు చుట్టినా, అది ఓచామె హక్కే. బోఆది నానా వైపు తిరిగి, ఒక్క పూవు కూడా చుట్టకుండా, ఉన్నదున్నట్టు చెప్పాడు. "ఆ మనిషి" అని అనలేదు. "నేను" అన్నాడు.

నానా కళ్లు మూసుకుని విన్నాడు. అఫ్రకోమా మళ్లీ నోరు తెరిచింది. "ఓచామె, ఇంకొక్కటి. తప్పు నాది కూడా. తేదీలు చూడలేదు. మాత్ర దగ్గుకు నాలుగు సీసాల పనికిరాని మందు నేనే పోశాను. చెప్పండి."

బోఆది చెప్పలేదు. కర్ర ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"చెప్పండి ఓచామె" అంది ఆవిడ గట్టిగా. కొలువు బయట నిలబడ్డవాళ్లకు కూడా వినపడింది.

"అది మోయడానికి నాకు ఊపిరి చాలటం లేదు తల్లీ" అన్నాడాయన. ఈసారి దగ్గలేదు.

నానా విన్నాడు. అచంపోన్ విన్నాడు. అందరూ విన్నారు. ఓచామె నోట రాలేదు కాబట్టి ఆ కొలువులో ఆ తప్పు లేదు. అఫ్రకోమాకు కళ్లనీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు.

నానా ముందుకు వంగి బోఆది చెవిలో రెండే ముక్కలు చెప్పాడు. బోఆది వాటిని జనానికి చెప్పాలి కాబట్టి చెప్పాడు. "నానా అంటున్నారు, ఈ నోరు బోఆదిది కాదు, నాది. నన్నడక్కుండా దాన్ని పాడుచేసే హక్కు వాడికి లేదు. ఈ ఆదివారం ధార ఇంకొకరు పోస్తారు, కర్ర వీడి చేతిలోనే ఉంటుంది. ఇకనుంచి రోజూ పొద్దున్నే నా ఎదుట మాత్ర మింగాలి." జనం నవ్వారు, ఆయన కూడా నవ్వాడు.

ఆ తర్వాతి అక్వాసిదేకు బోఆది ధార పోశాడు. ముప్ఫై నాలుగు పేర్లు, మొదటినుంచి చివరిదాకా, ఒక్కసారి కూడా మాట తెగలేదు. మర్నాడు బీపీ చూస్తే నూట ముప్ఫై ఆరు, ఎనభై రెండు. అఫ్రకోమా వరస వైపు తిరిగి అరవబోయి ఆగింది. ఆయన చెవి దగ్గరికి వంగి, ఆయనకొక్కడికే వినపడేలా ఆ అంకె చెప్పింది.