శాకాహారుల పెరట్లో శీలావతులు

మా నాన్నగారి కాలంలో మా ఇంట్లో చేప అన్న మాట కూడా వినిపించేది కాదు. తరతరాలుగా వేదం చెప్పుకున్న ఇల్లు. అలాంటిది, నేను బడిలో లెక్కల మాస్టారుగా రిటైరైన ఏడాది మా పెరట్లో నలభై శీలావతి చేపపిల్లలు ఈదడం మొదలుపెట్టాయి. దానికి కారణం మా ఆవిడకు తోటకూర మీద ఉన్న బెంగ.

అమలాపురంలో ఇల్లు కట్టుకున్నప్పుడు వానాకాలం బురద తప్పుతుందని పెరడంతా సిమెంటు చేయించేశాను. పిడికెడు మట్టి మిగల్లేదు. బజారు నుంచి ఆకుకూర తెచ్చిన ప్రతిసారీ మా ఆవిడ మూడు నీళ్ళు కడిగి, వాసన చూసి, ఏమీ అనకుండా తరిగేది. ఏదైనా అంటే బాగుండునని నాకు అనిపించేది.

నాతో పనిచేసిన సైన్సు టీచరుగారు మా వీధి చివర్లోనే ఉంటారు. నాకన్నా పదిహేనేళ్ళు చిన్నావిడ. ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ మమ్మల్నిద్దరినీ వాళ్ళ మేడ మీదకు తీసుకెళ్ళారు. అక్కడ మట్టి లేకుండానే కూరలు పండుతున్నాయి. తొట్టెలో చేపలున్న నీటిని చిన్న మోటారు పక్కనే గులకరాళ్ళు పోసిన మడిలోకి తోడుతుంది. చేపల మలమే మొక్కలకు ఎరువు. మొక్కలు శుభ్రం చేసిన నీరు మళ్ళీ చేపల దగ్గరికే పడుతుంది.

ఫోనులో ఒక వీడియో కూడా చూపించారు. ఎక్కడో చలిదేశంలో, ఒంటి నిండా చుక్కలున్న ట్రౌట్ చేపలు.

"ఇవే వేద్దామండీ, ముచ్చటగా ఉన్నాయి" అన్నాను.

"వాటికి చన్నీళ్ళుండాలండీ మాస్టారూ. ఆ దేశంలోనే ఎండలు ముదరక ముందే పట్టేస్తారు. మన దగ్గరైతే శివరాత్రి దాకా కూడా బతకవండి. శీలావతి వేసుకోండి."

ఇంటికి వచ్చి గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతూ మా ఆవిడ, "మనం తినం కదండీ. పెంచితే ఏమవుతుంది?" అంది.

టీచరుగారి సాయంతో మా పెరట్లోనూ తొట్టె, మడి కట్టించాం. ఆ చలికాలమంతా మా ఇంట్లో తోటకూర, పాలకూర, పుదీనా. చేపలు జానెడు పొడవయ్యాయి. మా ఆవిడ గాజులు గలగలమంటే చాలు, గుంపుగా పైకి వచ్చేవి.

మార్చి చివర్లో ఎండలు మొదలయ్యాయి. తొట్టె మీద కొబ్బరాకుల పందిరి వేయించాను. నీటి వేడి చూడటానికి థర్మామీటరు కొన్నాను. టీచరుగారు వచ్చి నీళ్ళలో చెయ్యి పెట్టి చూశారు.

"మేత తగ్గించండి పిన్నిగారూ. వేడి నీళ్ళలో గాలి నిలవదండి. తిన్నకొద్దీ వాటికి గాలి ఇంకా కావాలి."

మా ఆవిడ ఆయ్, అలాగే అంది గాని, నేను చూడనప్పుడు వేస్తూనే ఉంది. అవి నోళ్ళు తెరుచుకుని ఎదురుచూస్తుంటే పెట్టకుండా ఉండలేకపోయింది.

ఒకరోజు పొద్దున్నే కాఫీ వేళకు పెరట్లోంచి మా ఆవిడ కేక వినిపించింది. తెల్లవారక ముందే కరెంటు పోయి మోటారు ఆగింది. చేపలన్నీ పైకి తేలి గాలి మింగుతున్నాయి. నీళ్ళలో గాలి కలిసేలా ఇద్దరం చెరో చెంబుతో ముంచి ఎత్తు నుంచి పోశాం. గంటసేపు ఆగకుండా పోశాం. నా భుజాలు పట్టేశాయి. మా ఆవిడ మాత్రం తల ఎత్తలేదు. కరెంటు వచ్చేసరికి రెండు చేపలు వెల్లకిలా తేలి ఉన్నాయి. పూడ్చడానికి పెరట్లో మట్టి లేదు. గుడ్డలో చుట్టి కాలవగట్టుకు పట్టుకెళ్ళాను.

సాయంత్రం టీచరుగారు వచ్చారు. మా ఆవిడ ఏదీ దాచలేదు.

"నేనే చంపుకున్నానమ్మా. వద్దన్నా మేత వేశాను."

"అదొక్కటే కాదండి. అవి పెద్దవయ్యేయి, తొట్టె చాలట్లేదు. సగం తీసెయ్యాలండి. కపిలేశ్వరపురంలో మా అన్నయ్యకు చెరువుందండి, అందులో వదులుదాం."

మా ఆవిడ ఆమె ముఖంలోకి సూటిగా చూసింది. "తరవాత?"

"మీకు అబద్ధం చెప్పలేనండి. చెరువులో చేపల్ని మావాళ్ళు పడతారండి. తింటారు."

నేను మాట మార్చబోయాను. మా ఆవిడ చేత్తోనే వారించింది. తొట్టె దగ్గరికి వెళ్ళి నీళ్ళలోకి వంగి చూసింది.

"ఊపిరాడక పోవడం ఇవాళ చూశానమ్మా" అంది. "చెరువులో కొన్నాళ్ళయినా సుఖంగా తిరుగుతాయి. తీసుకెళ్ళు. పట్టిన రోజు మాత్రం నాకు చెప్పకు."

మర్నాడు ఎండ ఎక్కక ముందే ఇరవై చేపల్ని డ్రమ్ముల్లో పోసి ఆటో ఎక్కించాం. మా ఆవిడ తనూ వస్తానంది. చెరువు గట్టున టీచరుగారి వదినగారు మాకు కొబ్బరిబొండాలు కొట్టించి ఇచ్చారు. డ్రమ్ములు వంచగానే చేపలు ఒక్కసారి తిరిగి, లోతుకు వెళ్ళిపోయాయి. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. కాసేపటికి, "ఎంత నీరండీ వీటికి" అంది. ఆ గొంతులో ఏడుపు లేదు.

మిగిలిన పద్దెనిమిదీ వేసవి దాటాయి. కరెంటు పోయినా గాలి అందేలా బ్యాటరీ పెట్టించాను. మేత పొద్దున్న ఒక్కసారే, అదీ చిటికెడు. నీరు మరీ వేడెక్కిన రోజున అదీ లేదు. చప్పుడు వింటే చేపలు ఆశ పడతాయని మా ఆవిడ తొట్టె దగ్గరికి వెళ్ళేటప్పుడు గాజుల్ని మోచేతి దాకా నెట్టుకునేది. ఎండకు తోటకూర చీడపట్టి పోయింది గాని, బచ్చలి మాత్రం పందిరెక్కి గోడ దాటింది.

ఆ బచ్చలి చూసే పక్కింటి కోడలు మొన్న మా ఇంటికి వచ్చింది. వాళ్ళ పెరడు కూడా సిమెంటే. మా ఆవిడ ఆమెకు మోటారు, గులకరాళ్ళు, గొట్టాలు అన్నీ చూపించింది. నలభై పిల్లలు వేస్తానంటే, "పదిహేను చాలమ్మా" అంది. "పెద్దవయ్యాక ఎక్కడికి పంపుతావో ముందే ఆలోచించుకో. చెరువు ఎవరిదో నేను చెబుతాను."