అట్ట కింద బిచ్చగాడు

రిటైరైన కొత్తలో కేశవరావుకు ఏమీ తోచేది కాదు. కార్ల ఫ్యాక్టరీలో ఉద్యోగమంతా తలుపులు సందు లేకుండా బిగిసేలా చూసిన మనిషి, ఇప్పుడు అమెరికాలో ఫార్మింగ్టన్ హిల్స్ ఇంట్లో పోపుడబ్బాల మూతలు సరిచూడడం మొదలెట్టాడు. భార్య పద్మ వేగలేక, దగ్గరలోని కాలేజీ మ్యూజియంలో వాలంటీరుగా చేర్పించింది.

అక్కడ పాత అచ్చు బొమ్మల చుట్టూ ఫ్రేమ్‌లో పెట్టే అట్టలకు మధ్యలో కిటికీలా కోసే పని. చేతికి బ్లేడు రాగానే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. పనితనం చూడడానికి క్యురేటర్ మార్గరెట్ ఒక బొమ్మ ఇచ్చింది. అది కుదిరితే ఇక అట్టల పని మొత్తం ఆయనదే.

బొమ్మ నాలుగు వందల ఏళ్లనాటిది, అందులో ఒక బైబిలు కథ: విందులో మునిగిన ధనవంతుడు, అతని గుమ్మంలో కుక్కల మధ్య పడివున్న లాజరు అనే బిచ్చగాడు. ఆ కాలంలో సంతలో చవగ్గా కొని ఏ పేదింటివాళ్లో గోడకు అతికించుకున్నారు కాబోలు, కింది మూల చిరిగి మరకలు పడి ఉంది.

కేశవరావుకు మనసొప్పలేదు. చిరిగిన దేవుడి పటం ఎవరైనా గోడకు పెడతారా? ఏ దేవుడైతేనేం! అట్టలో కిటికీని కాస్త చిన్నగా కోసి, చిరుగును అట్ట కిందికి తోసేశాడు.

ప్రదర్శన మొదలయ్యే రోజు, తలుపులు తీయకముందే పద్మను తీసుకెళ్లి చూపించాడు. ఆవిడ పక్కనున్న వివరణ చదివి బొమ్మ మీదికి వంగింది.

"ఏమండీ, విందు భోజనం బాగుంది. మరి బిచ్చగాడేడీ?"

"ఉంటాడు, సరిగ్గా చూడు."

"కుక్క తోక ఒకటి కనిపిస్తోంది. అదేనా లాజరు?"

కేశవరావు కళ్లద్దాలు సవరించుకుని చూశాడు. చిరుగుతో పాటు లాజరు కూడా అట్ట కిందికి పోయాడు.

"మెల్లగా మాట్లాడవే. మార్గరెట్ వింటే మళ్లీ బ్లేడు ముట్టుకోనివ్వదు."

"ఆ ధనవంతుడు అన్నం ఎలాగూ పెట్టలేదు, పాపం. మీరు మొహమైనా కనపడనివ్వరా? పదండి, ఆవిడకి చెప్పేద్దాం."

చిరిగిన పటం అశుభమని ఇంగ్లీషులో వివరించేసరికి ఆయనకు చెమటలు పట్టాయి. మార్గరెట్ ముందు నోరు తెరిచింది, తర్వాత పడీపడీ నవ్వింది.

"ఇంకా గంట టైముంది కేశవ్, ఇంకోటి కొయ్యి."

కొత్త అట్టలోంచి చిరుగు, మరకలు, లాజరు అన్నీ బయటికొచ్చాయి. జనం విందును చూసీచూడనట్టు వదిలి, ఆ మూల దగ్గరే వంగి నిలబడ్డారు.

సాయంత్రం మార్గరెట్ ఆయన బల్ల మీద మరో బొమ్మ పెట్టింది. దానికి నాలుగు మూలలూ చిరిగే ఉన్నాయి.

"ఈసారి కోసేముందు లోపల ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకో," అంది.