ముత్తాత ఎక్కిన వాహనం

యాకుత్‌పురాలో మాకిప్పుడు మిగిలినవి రెండు గదులు, గోడ మీద బట్టపై గీసిన ఒక చేర్యాల పటం. ఒకప్పుడు ఆ గల్లీలో సగం మా పాడి పశువుల కొట్టాలే. పటంలో ఎర్రటి రంగు మీద తలపాగాతో, మెలితిప్పిన మీసంతో, గుండ్రటి కళ్లతో కూర్చున్నవాడు మా ముత్తాత. ఆయన నడుము కింద పటం బట్టను ఎప్పుడో చెదలు తినేశాయి. అడుగున మాత్రం నాలుగు నల్లటి కాళ్లు మిగిలాయి. మధ్యలో ఉండేది ఏనుగని ఇంటికి వచ్చిన ప్రతివారికీ చెబుతూ వచ్చాను. అంతటి మీసం మరి దేని మీద కూర్చుంటుంది?

కోస్తా నుంచి బదిలీ మీద పక్కింట్లోకి వచ్చిన ఆఫీసరుగారు ఇది విని, ఆదివారం తమ బంధువులను కూడా తీసుకొస్తానన్నారు. చిరుగు చూపించి ఏనుగును ఊహించుకోమనడం మా వంశానికి తగదు. చేర్యాల నుంచి చిత్రకారుణ్ణి పిలిపించాను. ఆయన చింతగింజల జిగురుతో కొత్త బట్ట అతికించి, ఆరాక కుంచె పట్టుకుని, ఏనుగు మీద అంబారీ వేయాలా అని అడిగాడు. వేయమన్నాను. గంటలు కూడా.

గడప దగ్గర చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న మా మేనత్త లేచి వచ్చి, ముక్కు ఆనించినంత దగ్గరగా పటాన్ని చూసింది.

"ఏందిరా, ఏనుగుకు చీలిన గిట్టలుంటయా? గది దున్నపోతు. సదర్ నాడు మీ ముత్తాత దాన్నెక్కే వచ్చేటోడట. మా బాపు చెప్పిండు."

దీపావళి తర్వాత దున్నపోతులను ముస్తాబు చేసి, విన్యాసాలు చేయిస్తూ ఊరేగించే సదర్ మా ఇళ్లలో పెద్ద పండుగ. అయినా దూరం నుంచి చూస్తే అవి ఏనుగు కాళ్లేనన్నాను.

"పాలోళ్ల ఇంట్ల పుట్టి గిట్ట గుర్తుపట్టవా బిడ్డా?"

చిత్రకారుడు దగ్గాడు. దగ్గే అయివుంటుంది.

"ఏమెయ్యమంటరు సార్? తొండమా, కొమ్ములా?"

నా మాట నిలబడాలని ముత్తాతను ఆయన వాహనం మీంచి దింపే హక్కు నాకు లేదు. కొమ్ములే వేయమన్నాను. అయితే కొమ్ములకు నెమలి ఈకలు, మెడలో గవ్వల దండ, కాళ్లకు గజ్జెలు తప్పనిసరి. కళ్లలో పొగరు కనబడాలని అత్త మరో షరతు పెట్టింది.

ఆదివారం ఆఫీసరుగారు బంధువులతో వచ్చి, పటంలోని కొమ్ములను వేలితో చూపించారు.

"ఏనుగన్నారు కదండీ?"

"ఏనుగులు కిరాయికి దొరుకుతుండె సార్," అన్నాను నడుము నిటారుగా పెట్టి. "ముందు కాళ్లెత్తి సలాం కొట్టే దున్నపోతు మాత్రం మా కొట్టంలనే పుట్టాలె."

లోపలి నుంచి టీ తెస్తున్న మా అత్తకు కూడా దగ్గొచ్చింది.