ఆర్డిత్ అత్త ఎత్తిన చెయ్యి

ఆర్డిత్ కోంబ్స్‌కు ఉన్నది ఒకటే జబ్బు. ప్రశ్న పుడితే కడుపులో దాచుకోలేదు. పుట్టినచోటే, పదిమంది మధ్యలోనే, కుడిచెయ్యి నిటారుగా పైకెత్తి అడిగేస్తుంది. ఆ చెయ్యి లేస్తే అమెరికాలోని ఆ కెంటకీ కొండల్లో దుకాణదారు వెనకగదిలోకి జారుకుంటాడు, బడి పంతులు గడియారం చూసుకుంటాడు, పాస్టరు ఎస్టిల్ కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెడతాడు.

ఎస్టిల్ ఆ జాగ్రత్త అనుభవం మీద నేర్చుకున్నాడు. ఒక ఆదివారం ఆయన యోనా ప్రవక్త చేప కడుపులో పడి ఉన్న కథ చెబుతున్నాడు. గొంతు వణికించి, చేతులు చాచి, జనం రుమాళ్ళు తీసుకునే ఘట్టానికి వచ్చాడో లేదో, మూడో వరసలో చెయ్యి లేచింది.

"ఏంటమ్మా ఆర్డిత్?"

"మూడు రోజులూ ఏం తిన్నాడండీ?"

"ప్రార్థన చేసుకున్నాడమ్మా."

"అది సరేనండీ. తిండి సంగతి అడుగుతున్నా."

పాస్టరు పాట అందుకున్నాడు. పెద్దవాళ్ళంతా నవ్వు ఆపుకోలేక తలలు దించుకున్నారు. వెనక వరసల్లో పిల్లలు మాత్రం జవాబు కోసం మెడలు చాచి చాచి చూశారు. వాళ్ళకూ అదే సందేహం.

చావింట్లోనూ ఇదే వరస. పొరుగున ఉండే ముసలాయన పోతే, శవపెట్టె పక్కన నిలబడి అంత్యక్రియలు జరిపించే మనిషిని పట్టుకుని అడిగింది. "కళ్ళజోడుతోనే పాతిపెడతారా, తీసి ఇస్తారా?" చావింట్లో ఇదేం ప్రశ్నని ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. ఆయన గొంతు సవరించుకుని, అది ఇంట్లోవాళ్ళ ఇష్టమన్నాడు. అంతసేపూ మూలన బిగుసుకుపోయి కూర్చున్న ముసలాయన భార్య, "అయితే తీసి ఇవ్వండి బాబూ," అంది.

మొగుడు హోబర్ట్ మాటే వేరు. ఆయన ఏ ప్రశ్నకైనా "ఊఁ" అంటాడు. అదేమని అడిగితే పెళ్ళినాటి కథ చెబుతాడు. "ఎవరికైనా అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పండని పాస్టరు అడిగాడు. పెళ్ళికూతురే చెయ్యెత్తింది. ఎలాంటిదైతే అభ్యంతరం కింద లెక్కకొస్తుందో చెప్పమంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అప్పట్నుంచీ నేను ఊఁ తప్ప ఇంకేమీ అనలేదు."

ఈ చెయ్యి పక్కన కూర్చునే గ్రహచారం ట్విలాది. ట్విలా హోబర్ట్ చెల్లెలి కూతురు. వాళ్ళ పెరటి పక్కనే చక్రాల మీద కట్టిన ఒక ట్రైలరు ఇంట్లో ఉంటుంది. వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళకు స్నానాలు చేయించి, పక్కలు మార్చి, అన్నం తినిపించే పని. ఆర్డిత్‌ది బడి వంటింట్లో ఉద్యోగం. ఇద్దరికీ ఒకటే కోరిక, లోయ కింద టౌనులో ఉన్న కాలేజీలో నర్సింగు సీటు. బొగ్గుగనులు మూతబడ్డాక ఆ చుట్టుపక్కల స్థిరంగా జీతమొచ్చే పని అదొక్కటే. అందుకని కొండల్లోని ఆడపిల్లలంతా, చాలామంది మగపిల్లలూ ఆ గుప్పెడు సీట్ల కోసం ఏళ్ళ తరబడి కాచుకుని ఉంటారు. ఈ ఏడు దరఖాస్తు, వచ్చే ఏడు దరఖాస్తు అన్నట్టుగా బతుకు గడిచిపోతూ ఉంటుంది.

కాలేజీ పద్ధతులు కూడా అలాంటివే. దరఖాస్తు పెట్టాలంటే ఏటా జరిగే వివరాల మీటింగుకు వెళ్ళి కూర్చోవాలి. నిరుడు విన్నానంటే కుదరదు, మళ్ళీ వినాలి. ముందుగా చదివి పాసైన శరీరశాస్త్రానికి ఐదేళ్ళే ఆయుష్షు. ఈలోపు సీటు రాకపోతే ఆ చదువు చెల్లదు, మళ్ళీ చదవాలి. ఆర్డిత్‌కు ప్రవేశపరీక్షలో లెక్కలు ఎప్పుడూ మొండిచెయ్యే చూపిస్తాయి. కాబట్టి సీటు రాలేదు, ఐదేళ్ళు నిండాయి, యాభై దాటిన వయసులో కుర్రాళ్ళ మధ్య కూర్చుని శరీరశాస్త్రం రెండోసారి మొదలుపెట్టింది. మొదటిరోజే చెయ్యి లేచింది.

"మాస్టారూ, ఈ ఐదేళ్ళలో ఎముకలేమైనా పెరిగాయా?"

"లేదండీ."

"తగ్గాయా?"

"లేదండీ, అవే ఉన్నాయి."

"మంచిది. కనుక్కుందామని అడిగాను," అని చెయ్యి దించి, పుస్తకం తెరిచింది.

ట్విలాకు కారు లేదు. ప్రతి మీటింగుకూ అత్త ట్రక్కులోనే వెళ్ళాలి, అత్త పక్కనే కూర్చోవాలి. చెయ్యి లేచిందంటే ట్విలా కుర్చీలో కిందికి జారిపోతుంది. ఒక ఏడాది ఆర్డిత్ అడిగిన ప్రశ్న, "తెల్లగా ఉంటే చాలా, బూట్లు కొత్తవే అయ్యుండాలా?" మరో ఏడాది, "డ్యూటీలో ఏడుపొస్తే ఎక్కడికెళ్ళి ఏడవాలి?" కాలేజీ నర్సింగు పెద్ద ప్రూయిట్ మేడమ్ పొడగరి, ముక్కుసూటి మనిషి. దేనికీ విసుక్కోదు. బూట్లు పాతవైనా పర్లేదంది. ఏడవడానికి దుప్పట్ల గది బాగుంటుందంది. హాలంతా ఘొల్లుమన్నా ఆర్డిత్ ముఖంలో మార్పుండదు.

"అత్తా, పరువు తీస్తున్నావు," అనేది ట్విలా, ఇంటికొస్తూ దారిలో.

"అడగందే అమ్మైనా పెట్టదే."

"నీకు కొత్త బూట్లే ఉన్నాయిగా. మరెందుకడిగావు?"

"ఉన్నంత మాత్రాన అడక్కూడదా?"

ప్రశ్నకు ప్రశ్నే జవాబైతే ఎవరు మాత్రం ఏం చేస్తారు? ట్విలా కిటికీ అద్దం దించి గాలి పీల్చుకునేది.

ఇదిలా ఉండగా, ట్విలా దగ్గర ఒక రహస్యముంది. ముసలివాళ్ళ వాంతులు, మలమూత్రాలు, పుండ్లు, బూతులు, దేనికీ ఆమె చలించదు. రక్తం చూస్తే మాత్రం చెవుల్లో హోరు, కళ్ళముందు చీకటి, ఆపైన నేల. వృద్ధాశ్రమంలో ఆ అవసరం ఎప్పుడో గాని రాదు గనుక ఎవరికీ తెలియకుండా నెట్టుకొస్తోంది. నిరుడు నవంబరు చలిలో ఆర్డిత్ ఇంట పందిని కోసినప్పుడు మాత్రం దొరికిపోయేదే. హోబర్ట్ దాన్ని తుపాకీతో కాల్చాడు. ఆర్డిత్ మోచేతుల దాకా ఎర్రగా చేసుకుని, పాట పాడుకుంటూ గొంతు కోసి రక్తం వార్చింది. ట్విలా మెల్లగా మాంసం ఎండబెట్టే కొట్టు వెనక్కి నడిచి, అక్కడ ఎండుటాకుల మీద కుప్పకూలింది.

తెలివొచ్చి తిరిగొచ్చేసరికి నుదుటి మీద బొప్పి, జుట్టునిండా ఆకులు. ఆర్డిత్ ఒకసారి చూసింది. "సాసేజిలోకి మిరియాలు నూరాలి. ఇక్కడ చలిగా ఉంది, లోపల కూర్చుని నూరు," అంది. అంతే. బొప్పేమిటని గాని, ఆకులేమిటని గాని అడగలేదు. గండం గడిచిందనుకుని ట్విలా మధ్యాహ్నం దాకా మిరియాలు నూరుతూ, తుమ్ముతూ లోపలే కూర్చుంది.

మే నెలలో కాలేజీ నుంచి కబురొచ్చింది. ఇద్దరూ వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని, ఉడికిన చిక్కుడుగింజలు, మొక్కజొన్న రొట్టె ముందు పెట్టుకుని కవర్లు చించారు. ట్విలాకు సీటొచ్చింది. ఆర్డిత్ వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు. ఎవరైనా వద్దనుకుంటే ఆ సీటు ఆమెదే.

"హోబర్ట్, పిల్లకి సీటొచ్చింది," అని కేకేసింది ఆర్డిత్.

"ఊఁ," అన్నాడు హోబర్ట్. కాని లేచి వచ్చి, మేనకోడలి తల నిమిరి వెళ్ళాడు.

ఆ రాత్రి నుంచి ట్విలాకు తిండి సయించలేదు. నర్సంటే రోజూ రక్తమే కదా. పదిమందిలో పడిపోతే, పడిపోతూ పేషెంటు మీద పడితే? ఎవరినైనా అడుగుదామంటే నామోషీ. నెల తిరిగేలోపు ఆమె ఒక నిర్ణయానికి వచ్చేసింది. కొత్తవాళ్ళను పిలిచి పరిచయం చేసే రోజున సంతకం పెట్టదు. సీటు దానంతటదే అత్తకు పోతుంది. ఇన్నేళ్ళుగా కాచుకున్న మనిషి, ఎముకల పేర్లు రెండుసార్లు బట్టీపట్టిన మనిషి, ఆవిడకు రావడమే న్యాయం. భయానికి త్యాగం అని పేరు పెట్టుకోగానే ట్విలాకు చాలా హాయిగా నిద్రపట్టింది.

జూన్‌లో ఆ రోజు వచ్చింది. సీటొచ్చినవాళ్ళు ముందు వరసల్లో కూర్చున్నారు. వెయిటింగ్ లిస్టు వాళ్ళు వెనక వరసలో, ఎవరైనా మానుకోకపోతారా అని దొంగచూపులు చూస్తూ కూర్చున్నారు. ఆర్డిత్ అక్కడే, ఆదివారం వేసుకునే గౌనులో. ప్రూయిట్ మేడమ్ నియమాలన్నీ చదివింది. భోజనాల వేళలోపు సంతకాలు కావాలని, సంతకం లేని సీట్లు అప్పటికప్పుడే వెనక వరసకు ఇచ్చేస్తామని చెప్పింది. ట్విలా తన కాగితం మీద కలం మూత కూడా తియ్యకుండా పడేసి ఉంచింది.

"ఏమైనా అడగాలా?" అంది మేడమ్.

ముందు వరసల్లో ఒక్క చెయ్యీ లేవలేదు. సీటొచ్చినవాళ్ళకు ప్రశ్నలడిగితే సీటు పోతుందేమోనన్న భయం ఉంటుంది. వెనక వరసలోంచి చెయ్యి లేచింది. అలవాటు ప్రకారం ట్విలా కుర్చీలో కిందికి జారింది.

"ఈసారి నువ్వు అడగవేమోనని కంగారుపడ్డాను ఆర్డిత్. చెప్పు."

"రక్తం చూస్తే కళ్ళు తిరిగి పడిపోయేవాళ్ళు నర్సులవ్వొచ్చా అండీ?"

హాలంతా భళ్ళున నవ్వింది. ముందు వరసలో గడ్డం కుర్రాడొకడు వెనక్కి తిరిగి, "పిన్నిగారూ, అలాంటివాళ్ళు పూలకొట్టు పెట్టుకోవాలి," అన్నాడు. మళ్ళీ నవ్వులు. ట్విలా నవ్వలేదు. జారినదల్లా మెల్లగా నిటారుగా కూర్చుంది.

ప్రూయిట్ మేడమ్ కూడా నవ్వలేదు. "నేను పడ్డాను," అంది. "నేను చూసిన మొదటి కాన్పులో. తల్లి క్షేమం, బిడ్డ క్షేమం. కుట్లు పడింది నాకు." జుట్టు పక్కకు తోసి కణత మీది మచ్చ చూపించింది. "ప్రతి ఏడూ ఇద్దరు ముగ్గురు పడతారు. పొద్దున్నే ఏదైనా తిని రావాలి. మోకాళ్ళు బిగబట్టి నిలబడకూడదు. కళ్ళు తిరుగుతున్నాయనిపిస్తే గోడకి ఆనుకుని కింద కూర్చోవాలి, సిగ్గుపడక్కర్లేదు. కొన్నాళ్ళకి అలవాటైపోతుంది."

"కాకపోతేనో?"

"అలవాటు కాక మానేసినవాళ్ళు నా దగ్గర ఇంతవరకూ లేరు. నన్నడక్కుండానే మానేసినవాళ్ళుంటే నాకు తెలీదు."

"అయితే అలాంటివాళ్ళు నిక్షేపంగా సంతకం పెట్టొచ్చంటారు."

"పెట్టొచ్చు."

"కనుక్కుందామని అడిగాను," అని ఆర్డిత్ చెయ్యి దించింది. గడ్డం కుర్రాడు అటూ ఇటూ చూసి, చేతి మీద చిన్న అక్షరాలతో 'పొద్దున్నే తినాలి' అని రాసుకున్నాడు.

ట్విలా వెనక్కి తిరిగి చూసింది. మోచేతుల దాకా పంది రక్తంతో పాటలు పాడే మనిషి, ఏమీ ఎరగనట్టు గౌను మడతలు సర్దుకుంటోంది. ఆవిడ నోరు మూసుకుని ఊరుకుంటే చాలు, భోజనాల వేళకు సీటు ఒళ్ళో వచ్చి పడేది. ఆ సంగతి ఆ హాల్లో ట్విలాకు తెలుసు, ఆవిడకూ తెలుసు. మేనమామ భార్య మీద ఇంత ప్రేమ తనకుందని ట్విలాకు ఆ క్షణం దాకా తెలియదు. కలం మూత తీసి సంతకం పెట్టింది.

ఆ రోజు ఎవరూ సీటు వదులుకోలేదు. వెనక వరసవాళ్ళు కాలేజీ పెట్టిన శాండ్‌విచ్చులు తిని ఎవరిదారిన వాళ్ళు వెళ్ళారు. ట్రక్కు కొండదారి ఎక్కాక ట్విలా మాట ఎత్తింది.

"అత్తా, నువ్వు ఊరుకుంటే నీకొచ్చేది."

"వచ్చేది."

"బాధగా లేదా?"

"లేకుండా ఎలా ఉంటుందే? బోలెడంత ఉంది. ఇంటికెళ్ళి మీ మామయ్య మీద కాసేపు అరుస్తాను. ఆయన ఊఁ అంటాడు. తగ్గిపోతుంది. వచ్చే ఏడు మళ్ళీ పెడతాను."

ట్విలా అత్త వైపు తిరిగి అడిగింది. "నాకు రక్తం పడదని నీకెలా తెలుసు?"

ఆర్డిత్ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "నీకు రక్తం పడదా?"

"తెలీనట్టు మాట్లాడకు."

"నేనెప్పుడైనా నిన్ను అడిగానా?"

ట్విలా ఆలోచించింది. లోకంలో అందరినీ అన్నీ అడిగిన మనిషి. "లేదు," అంది.

"మరి అడక్కుండా నాకెలా తెలుస్తుందే పిల్లా," అని ఆర్డిత్ గేరు మార్చింది.